బిడ్డకు మూడేండ్లు నిండువరకు

"బిడ్డకు ఎన్నేండ్లు?" అని యడుగని వాకిలి ఈ దినములలో లేదు. బస్సులో అడుగుదురు, రైలులో అడుగుదురు, బడిలో అడుగుదురు, ఆసుపత్రిలో సూదిమందు వేయుటకు ముందు అడుగుదురు. మా ముత్తవ్వగారి కాలమున ఈ ప్రశ్నకు అంకెతో బదులు చెప్పువారు తక్కువ. ఆమె తాను 1908 నాటి మూసీ వరదకు చంటిబిడ్డనని చెప్పుకొనెడిది. అంతకు మించిన జన్మపత్రిక ఆమెకు లేదు. ఆ మూసీ మా పూడూరునకు దాపుననున్న అనంతగిరి కొండలలోనే పుట్టినది గనుక, నదియు తానును ఒక్క సీమవారమే యని నవ్వెడిది.

తరువాతి తరమువారికి పుట్టినదినములను ప్రసాదించినవారు తల్లిదండ్రులు కారు, బడిపంతుళ్లు. జూన్ నెలలో బడిలో జేర్పింప తెచ్చిన పిల్లవానిని నిలువబెట్టి, కుడిచేతిని తలమీదుగా పోనిచ్చి ఎడమచెవిని అందుకొనుమనెడివారు. అందినచో బడియీడు వచ్చినదని వ్రాసికొని, తమకు తోచిన తేదీ నొకదానిని వేసెడివారు. మన పెద్దలలో ఇందఱు జూన్, జూలై నెలలలోనే జన్మించియుండుటకు కారణమిదియే. మా మామగారును పంతులే. ఆయన కలము పుట్టించిన జన్మదినములు ఈ చుట్టుపట్ల లెక్కకు మిక్కిలి. చెవి పరీక్ష నవ్వులాటగా కనబడును గాని అందు తెలివి లేకపోలేదు. చంటిబిడ్డకు తల పెద్దది, చేయి పొట్టిది. ఆఱేడేండ్ల ప్రాంతమునగాని చేయి ఆవలి చెవిని చక్కగా పట్టుకొనదు. అది పంచాంగమును గాక బిడ్డను చూచి చేసిన నిర్ణయము.

ఇప్పుడా పని కాగితము చేయుచున్నది. 1969 నాటి జననమరణముల నమోదు చట్టమును 2023లో సవరించిరి. ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీ మొదలు పుట్టిన బిడ్డలకు బడిలో జేరుటకు జనన ధ్రువపత్రమే ఆధారము. మంచిదే. అయినను బస్సులో బిడ్డ వయస్సు చెప్పునపుడు మన యాడువారి నాలుక కొంచెము తడబడుట మానలేదు. మన ఆర్టీసీ బస్సులలో అయిదేండ్లలోపు బిడ్డకు టికెట్టు లేదు. అయిదు మొదలు పండ్రెండు వరకు అరటికెట్టు. మన్నెగూడ కూడలిలో బస్సెక్కిన పిల్లలలో ఎందఱు రెండేండ్లపాటు నాలుగేండ్లవారుగనే యుండిపోయిరో చెప్పజాలము. 2023 డిసెంబరు నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడువారికిని ఆడుపిల్లలకును టికెట్టు లేకపోవుటచే ఈ చిన్న బొంకు మగపిల్లల వంతుకే మిగిలినది.

మేము చెప్పబూనినది బస్సును గూర్చి కాదు, ఓడను గూర్చి. పూడూరు ఆడువారికి ఓడతో పనియేమి యని సోదరీమణులు నవ్వవచ్చును. సముద్రము మాకు చాల దూరము, నిజమే. కాని 2024 అక్టోబరులో మా మండలమునందలి దామగుండము అడవిలో నౌకాదళమువారి రేడియో కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. సముద్రగర్భమున సంచరించు జలాంతర్గాములకు అచ్చటినుండి వార్తలు పంపుదురట. రామలింగేశ్వరస్వామి కొలువున్న ఆ యడవిలో చెట్లు పోవునని దుఃఖించినవారిలో మేమును ఉన్నాము. ఆ మాట వేఱొక పర్యాయము. ఓడల ప్రస్తావన మా కొండలవఱకు వచ్చినదని చెప్పుటకే ఇంత వ్రాసితిమి. విహారనౌకలును ఇప్పుడు తెలుగువారికి క్రొత్తవి కావు. 2022లో విశాఖపట్టణము నుండి పుదుచ్చేరి మీదుగా చెన్నపట్టణమునకు ఎంప్రెస్ అను విహారనౌక నడచినది.

మా యింటికి ఆ పిలుపు వచ్చినది సింగపూరు నుండి. మా వారి అక్కగారు అచ్చట కాపురముండి పదునాలుగేండ్లైనది. వచ్చు వేసవి సెలవులలో అందఱము కలిసి నాలుగు దినములు ఓడలో తిరిగి వత్తమనియు, టికెట్ల ఖర్చు తమదేననియు మా వదినగారు ఫోనులో చెప్పినారు. "మరదలా, నాలుగు దినములు వంట లేదు, అంట్లు లేవు. పిల్లలకు వేఱే క్లబ్బున్నది. ప్రొద్దున అప్పగించి రాత్రి తెచ్చుకొనుటయే!" అన్నారు. ఆ వెంటనే నియమముల పట్టిక నొకదానిని పంపినారు. మేము దానిని మూడు మారులు చదివితిమి. మాకు ఇద్దఱు పిల్లలు. అమ్మాయికి పదునొకండవ యేడు, ఆఱవ తరగతి చదువుచున్నది. పిల్లవానికి రెండున్నర, ఓడ యెక్కునాటికి మూడేండ్లు నిండుటకు ఇంకను రెండు నెలలు తక్కువ. క్లబ్బువారు మూడేండ్లు నిండినగాని చేర్చుకొనరు. మూడేండ్లలోపువారికి గంటకింతయని రుసుము గైకొని చూచు గది యొకటి కలదు గాని అందలి చోట్లు కొన్నియే. అవి అప్పటికే నిండిపోయినవట.

ఇట్టి క్లబ్బుల నియమములు ఓడనుబట్టి మాఱుచుండును. మేము చూచినంతలో, రాయల్ కరీబియను వారు మూడేండ్లు నిండి డైపరు మానిన బిడ్డలనే తీసికొందురు. కార్నివాల్ వారు రెండేండ్లకే తలుపు తెఱతురు. 2 మొదలు 5 వరకు ఒక గుంపు, 6 మొదలు 8 వరకు ఒకటి, 9 మొదలు 11 వరకు ఒకటి. 12 నిండినవారికి వేఱు గది, వేఱు ఆటలు. ఎం.ఎస్.సి. వారు ఆఱునెలల పసిబిడ్డలకును చోటిచ్చి, మూడు, ఏడు, పండ్రెండు, పదునైదు ఏండ్లకడ గుంపులు మార్చుదురు. ఆఱునెలలు నిండని బిడ్డను పెక్కు ఓడలు అసలే యెక్కనీయవు. వరుసగా మూడు దినములు తీరము కానరాని ప్రయాణమైనచో ఏడాది నిండవలెనని నియమించిన ఓడలును కలవు. నడిసముద్రమున బిడ్డకు జబ్బుచేసినచో ఓడవైద్యుడొక్కడే దిక్కు గనుక ఇది క్రూరమని మేమనజాలము.

పిల్లలను ఈడునుబట్టి విడదీయుట పాశ్చాత్యుల క్రొత్త తెలివియని కొందఱందురు. అది సరిగాదు. మన పెద్దలు అయిదేండ్ల వరకు కౌమారమనియు, పదివరకు పౌగండమనియు, పదునైదువరకు కైశోరమనియు ముందే విభజించిరి. మా తాతగారివద్ద భాగవతము చదువుకొను దినములలో ఈ మూడు మాటలను వ్రేళ్లపై లెక్కించి అప్పగించిన జ్ఞాపకము మాకిప్పటికిని కలదు. ఓడవారి గుంపులను ఆ లెక్కప్రక్కన పెట్టి చూచిన, ఒకటి రెండేండ్ల వాసి తప్ప పెద్ద భేదము కనబడదు. ఒక్కటి మాత్రము వేఱు. మనవారు ఈడులకు పేరులు పెట్టిరి గాని వాని నడుమ తలుపులు పెట్టలేదు. దశమస్కంధమున బృందావనమునకు దూడలను తోలుకొనిపోయిన గొల్లపిల్లలలో చిన్నలును పెద్దలును కలసియే యున్నారు. ఎవరి చల్ది వారు విప్పికొని ఒక్కచోటనే కుడిచిరి. అది అడవి, అవి దూడలు. అచ్చట ఒకరి నొకరు కాచుకొనుటయే చదువు.

మన తెలుగునాట బాలుర సంఘములును ఉండెను. న్యాయపతి రాఘవరావుగారును కామేశ్వరిగారును రేడియో అన్నయ్య, అక్కయ్య యని పేరొంది బాలానందము నడపిరి. 1945లో 'బాల' అను పత్రికను పిల్లల కొఱకే పెట్టిరి. రేడియోకు వాకిలి లేదు గనుక తల్లి యొడిలోని బిడ్డకును అందు ప్రవేశముండెను. సంఘము గదిలోనికి, గోడల నడుమకు వచ్చినప్పుడు మాత్రము వయస్సు అడుగక తప్పలేదు. 1956లో ఢిల్లీలో వెలసిన జాతీయ బాలభవనము 5 మొదలు 16 ఏండ్లవారి కొఱకు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని జవహర్ బాలభవనమును ఆ త్రోవదే. ఆటపాటలు నేర్పు గురువునకు చంటిబిడ్డలను ఎత్తుకొనుటకు చేతులు మిగులవు.

నియమమునకు మూలమిదియే యని మా నమ్మకము. వయఃపరిమితి బిడ్డను తూచు తూనిక కాదు. చూచువారి చేతులను తూచు తూనిక. పదునైదుమంది అయిదేండ్లవారిని ఒక యమ్మాయి కథ చెప్పి కూర్చుండబెట్టగలదు. వారి నడుమ రెండేండ్లవా డొకడున్నచో కథ అచ్చటనే నిలిచిపోవును. వాడు నోట బెట్టుకొన్న పూసను తీయుటకు ఆమె లేవవలెను. ఆమె లేచిన నిమిషములో తక్కిన పదునాలుగుమందిని చూచువారెవరు? ఓడలో ఈ ప్రశ్నకు నీటి భయము తోడగును. మా వారి బడిలో ఒకటవ తరగతికి అక్కల వెంట వచ్చి కూర్చుండు చిన్నపిల్లలను చూచిన మాకు ఈ మాట ఒకరు చెప్పనక్కఱలేదు. ఆ చిన్నవారు చదువరు, పెద్దవారిని చదువనీయరు. పాపము, వారి తప్పు కాదు.

డైపరు నియమమును మేము మఱింత మెచ్చుకొందుము. అది మామగారి చెవి పరీక్షకు చెల్లెలు. తేదీ యేమి చెప్పినను, బిడ్డకు అవసరము తోచినపుడు నోరు విప్పి చెప్పుట వచ్చినదా లేదా యని అడుగుచున్నది. మాటకారియైన రెండేండ్ల బిడ్డ కలదు, మూడున్నరకును నోరు విప్పని బిడ్డ కలదు. ఏండ్లను మాత్రమే చూచు నియమముకంటె, ఏండ్లతోపాటు బిడ్డను గూడ చూచు నియమము నయము.

"రెండు నెలలకేమి వచ్చినది? మూడు నిండినవని చెప్పరాదా?" అని మా వదినగారు అన్నారు. బస్సు బొంకు ఓడలో చెల్లదు. పాసుపోర్టులో తేదీ అచ్చుపడియున్నది. చెల్లినను మేము చెప్పకుందుము. పది రూపాయల టికెట్టు ఎగగొట్టుట ఒక పాపము. చూచువారిని మోసపుచ్చి బిడ్డను వారి చేతిలో పెట్టుట వేఱొక పాపము. రెండవదానిలో నష్టపడునది మన బిడ్డయే.

అప్పుడు వదినగారు ఎంతో మంచిమనసుతో ఒక ఉపాయము చెప్పినారు. "దీనికి ఇంత ఆలోచనయేల? పెద్దది ఉన్నది గదా. తమ్ముణ్ణి అది ఆడించును. మనము హాయిగా కూర్చుండవచ్చును."

ఈ మాట మేము విననిది కాదు. మన యిండ్లలో ప్రతి దినము వినబడు మాటయే. ఫోను ప్రక్కన కూర్చుండి అట్టలు వేసికొనుచున్న మా అమ్మాయి తలయెత్తి, "అమ్మా, నాకు వయసు సరిపోయింది కదా? మరి నేనెందుకు పోవద్దు?" అనినది. అలుక లేదు, ఏడుపు లేదు. లెక్క అడిగినట్లు అడిగినది. పట్టికలో దాని గుంపునకు బొమ్మలు వేయుట, నాటకమాడుట, నక్షత్రములను చూచుట అని వ్రాసియున్నది. అది ముందే చదివికొన్నది కాబోలు.

దాని లెక్క సరియైనది. మూడేండ్లు నిండలేదని క్లబ్బువారు వారించినది తమ్ముని. వెలుపల నిలిచిపోవునది అక్క. పట్టికలో దాని ఈడునకు ఏ యడ్డును లేదు. అడ్డు దాని చంకనెక్కినది.

మా వారు కాగితము తీసికొని, నాలుగు దినములను ఎనిమిది పూటలు చేసి, నాలుగు పూటలు తమకును నాలుగు పూటలు మాకును వ్రాసిరి. బడిలో కాలపట్టికలు గీసిన చేయి గదా, గీతలు మాత్రము ముచ్చటగా వచ్చినవి. "ఓడెక్కి మగవాడు పిల్లవాణ్ణి మోయుటయా!" అని వదినగారు కొంత నొచ్చుకొన్నారు. మా యన్నగారు, అనగా ఆమె భర్త, వెనుకనుండి "మా పిల్లలను మోసినది మఱి యెవరు?" అనుట వినబడినది. ఆ చర్చ అంతటితో ముగిసినది.

ఓడ మాటకు ఉపాయము దొరకినది. దాని వెనుక నున్నదే మమ్ము విడువలేదు. రెండు పూటల వంతులు వేసికొనుటకు మాకు జీతమున్నది, సెలవులున్నవి. మా వీధి వెనుక ఇండ్లలో అది సాగదు.

మా ప్రాంతమున కార్తిక మార్గశిరములు వచ్చినవనిన ప్రత్తి ఏరుటకు కాలము. ప్రత్తి విచ్చుకొన్నపిదప మంచు, వాన దానికి శత్రువులు గనుక ఆడువారందఱును తెల్లవారకమునుపే చేలకు పోదురు. ఆ నెలలలో మా వారు సాయంకాలము తెచ్చి సరిచూచుకొను హాజరుపట్టీని మేమును చూచుచుందుము. నాలుగు, అయిదు తరగతుల గళ్లలో సున్నలు వరుసగా పడును. మగపిల్లల పేరులయెదుట తక్కువ, ఆడుపిల్లల పేరులయెదుట హెచ్చు. వారిలో కొందఱు చేనికి పోయినవారు. మిగిలినవారు ఎచ్చటికిని పోలేదు. ఇంటనే యున్నారు, చంకలో తమ్ముడో చెల్లెలో.

ఈ చిన్నవారి యీడు చూడుడు: ఆఱునెలలు, ఏడాది, రెండేండ్లు. అందఱును మూడేండ్లలోపువారే. ఊరిలో అంగన్‌వాడీ లేదా యనిన ఉన్నది. 1975 అక్టోబరు 2వ తేదీన దేశమున 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి పథకమను పేర ఆరంభమైన ఆ యేర్పాటు నేడు పల్లెపల్లెకు వచ్చినది. అచ్చట కూర్చుండి ఆటపాటలు నేర్చుకొనుటకు 3 మొదలు 6 ఏండ్లవారికి ప్రవేశము. మూడేండ్లలోపువారిని విడిచిపెట్టిరని యనుట న్యాయము గాదు; 7 నెలలు మొదలు 3 ఏండ్లవరకు బిడ్డకు బాలామృతము పొట్లమిత్తురు. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె చేర్చిన పిండి. నెలకు రెండున్నర కిలోలు. పిండి మంచిదే, మేము రుచి చూచితిమి. పిండి ఇంటికి వచ్చును, బిడ్డయు ఇంటనే యుండును. ఆ పిండిని గోరువెచ్చని నీట కలిపి, మూతి తుడిచి, తినిపించునది పదేండ్ల అక్క.

అంగన్‌వాడీ టీచరమ్మను ఇందుకు నిందించువారిని చూచితిమి. మాకది నచ్చదు. ఆమె యొక్కతె, ఆయమ్మ యొకతె. గ్రుడ్డు ఉడికింపవలెను, బరువు తూచవలెను, పట్టీలు వ్రాయవలెను. ఆమె వాకిటనున్న మూడేండ్ల నియమమును తీసివేసి పాకుడు బిడ్డలను లోపలికి త్రోయుడనుట, ఓడ క్లబ్బులో బొంకి బిడ్డను చేర్చుటవంటిదే. ఆ తలుపు ఆ మట్టుననే యుండవలెను. చిన్నవారికి వేఱొక తలుపు కావలయును. వారిని ఎత్తుకొనుటకు వేఱు చేతులు కావలయును.

మా జిల్లా 2016లో ఏర్పడినది. అంతకుముందు మేము రంగారెడ్డి జిల్లావారము. ఆ రంగారెడ్డి జిల్లాలోనే 1991లో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను వారు పిల్లలను పనులనుండి విడిపించి బడులకు పంపు కార్యమును చేపట్టిరి. దానిని నడపిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము వచ్చినది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘమునకు ఆమె తొలి అధ్యక్షురాలైరి. వారు చెప్పిన మాటలలో మా మనసున నాటుకొన్నది యొకటి కలదు. కూలికి పోయిన బిడ్డయే బాలకార్మికురాలని వారు అనలేదు. బడికి పోవలసిన యీడున బడిలో లేని ప్రతి బిడ్డయు ఏదోయొక పనిలో ఉన్నట్లే లెక్కింపవలెననిరి. ఇంట తమ్ముని ఎత్తుకొన్న పిల్లయు ఆ లెక్కలోనిదే. కూలి పుచ్చుకొను బిడ్డ పని పదుగురి కంటబడును, తమ్ముని ఎత్తుకొన్న అక్కను చూచి "ఎంత బుద్ధిమంతురాలు!" అని మెచ్చుకొని పోవుదుము.

అక్కకు తమ్మునిపైగల మమకారమును కాదనువారము మేము కాము. మమ్ము పెంచిన చేతులలో మా పెద్దక్క చేతులును ఉన్నవి. సాయంకాలము ఒక గంట తమ్ముని వాకిట ఆడించుట వేఱు; తెల్లవాఱినది మొదలు దీపాలవేళ వరకు, ప్రత్తికాలమంతయు, వాని ఆకలికిని జ్వరమునకును పూచీపడుట వేఱు. రెండవదానిని ముద్దుపేరుతో పిలుచుట మాకు కిట్టదు. ఆ పిల్లకు వాడు పొయ్యిదగ్గఱకు పాకినపుడు ఏమిచేయవలెనో తెలియదు. తెలియవలసిన యీడు గాదు. ఓడవారు అయిదేండ్ల పిల్లల గుంపును పదేండ్ల పిల్లకు అప్పగింతురా? అట్లు చేసినచో మనమే కోపింతుము గదా.

చట్టములు లేవనుటకును వీలులేదు. 1948 నాటి కర్మాగారముల చట్టము ముప్పదిమందికి మించి ఆడువారు పనిచేయుచోట వారి ఆఱేండ్లలోపు బిడ్డలకు గది యుండవలెననెను. 2005 నాటి ఉపాధిహామీ చట్టములో, పనిచోటికి ఆఱేండ్లలోపు బిడ్డలు అయిదుగురైనను వచ్చినచో, కూలికి వచ్చిన ఆడువారిలో ఒకతెను వారిని చూచుటకు నియమించి ఆమెకును కూలి యీయవలెనని వ్రాసిరి. ఎంత చక్కని మాట! బిడ్డలను చూచుటయు తట్ట మోయుటతో సమానమైన పనియేనని ప్రభుత్వము కాగితముమీద ఒప్పుకొన్నది. ప్రత్తిచేనికి ఆ చట్టము రాదు, ఈ చట్టము రాదు. ఒక్కొక్క రైతు పదిమందినో ఇరువదిమందినో పిలుచుకొనును. ఎల్లుండి వారే వేఱొకరి చేనిలో ఉందురు.

2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల బిడ్డకు చదువు హక్కనుచున్నది. ఆఱేండ్లలోపువారి సంరక్షణకు ప్రభుత్వము ప్రయత్నింపవలెనని మాత్రము 2002లో సవరించిన రాజ్యాంగము చెప్పుచున్నది. అక్కకు హక్కు, తమ్మునికి ప్రయత్నము. ఒకే యింట ఈ రెండును ఎదురుపడినపుడు తమ్ముని లేమి అక్క హక్కును మ్రింగివేయుచున్నది. ఈ మాటను మా వారితో అనగా, మంత్రిగారి సభలో చెప్పుమని పరిహాసమాడిరి.

'పాల్నా' అను పేర 2022 నుండి కేంద్రప్రభుత్వము అంగన్‌వాడీలతోపాటు శిశుసంరక్షణ గృహములను నడపు ఏర్పాటొకటి చేసినది. 6 నెలలు మొదలు 6 ఏండ్ల బిడ్డలకు, పగలంతయు. మేము వెదకుచున్న రెండవ తలుపు ఇదియే. అన్ని యూళ్లకును అది రాలేదు, రావలెనన్న అడుగువారుండవలెను. మా యూరి మహిళాసంఘములో ఈ మాట ఎత్తగా మొదట ఎవరును పెదవి విప్పలేదు. ఒక తల్లి మాత్రము, "ఏం జేస్తమమ్మా, చిన్నోన్ని ఎవరు వట్టుకుంటరు? పెద్దదాన్ని బడికి తోలిస్తే నేను ఇంట్ల కూసోవాలె. నేను కూసుంటే పూట గడుస్తదా?" అనినది. ఆమె అన్నదానిలో తప్పు వెదకుటకు మాకు చేతగాలేదు. ఆమె యెదుట హక్కులను గూర్చి ఉపన్యసింప మాకు సిగ్గుగ తోచినది.

అర్జీ వ్రాసినది మేము. వ్రేలిముద్రలును సంతకములును కలసి ముప్పదియొకటి పడినవి. బదులు వచ్చులోపల పంట ఆగదు గనుక, ఆ తల్లులే ఒక యేర్పాటు చేసికొనిరి. ప్రత్తి ఏరుటకు వంగలేని ముసలమ్మ యొకతె గుడి యరుగుపై కూర్చుండును. పనికి పోవునపుడు ఎవరి బిడ్డను వారు పాత చీరపొత్తిళ్లతో, బాలామృతముతో అప్పగింతురు. వచ్చిన కూలిలో నుండి తలా కొంత ఆమెకు. ఏడుగురు పిల్లలు, ఎనిమిదవవాడు రాగా ముసలమ్మ "ఇంక నాతోని గాదు" అని చేతులు చూపినది. వయస్సుతో గాక చేతులతో కొలిచిన హద్దు గనుక ఎవరును ఎదురాడలేదు. ఆ యెనిమిదవ పిల్లవాని అక్కయు అయిదవ తరగతియే. దాని గడిలో ఇంకను సున్నలు పడుచున్నవి. తక్కిన నలుగురు అక్కలు బడికి తిరిగి వచ్చిరి. మూడువారములైనది.

అర్జీకి బదులింకను రాలేదు. రెండవ తడవ ప్రత్తి ఏరుటకు పదిదినములున్నవి. మోకాలినొప్పి హెచ్చినదని ముసలమ్మ నిన్న కబురంపినది. ఆమె కూర్చుండలేని దినములలో అరుగుపై ఎవరుందురో రేపు సంఘములో తేల్చవలెను. మధ్యాహ్నము మూడు దాటినపిదప మేము వత్తుమని చెప్పియున్నాము. ప్రొద్దుటి పూటకు మఱియొకతె కావలెను.